నమూనా గేదె

సొంతింట్లో సొంత బల్ల వేసుకోవడానికి ప్రభుత్వం వారి గుర్తింపు కావాలని నలభై దాటేదాకా నాకు తెలియదు. చదువుకున్నదాన్నే. రోజూ పేపరు కూడా చూస్తాను. అయినా తెలియలేదు.

నా పేరు సత్యవేణి. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక కార్టూన్ సినిమాల స్టూడియోలో బొమ్మలు గీసేదాన్ని. అప్పట్లో తెర మీద కుందేలు గెంతాలంటే ఆ గెంతు మొత్తం మనుషులే కాగితాల మీద గీయాలి. ఒక్క సెకను గెంతుకి పన్నెండు బొమ్మలు. ఒక బొమ్మకీ దాని పక్క బొమ్మకీ వెంట్రుకవాసి తేడా. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. స్టూడియో వాళ్ళు మా అందరికీ దండలు వేసి, బజ్జీలు పెట్టి, ఇళ్ళకు పంపేశారు. నేను కాకినాడ వచ్చి కాపురం, పిల్ల చదువు, పచ్చళ్ళు చూసుకున్నాను. పిల్ల హాస్టల్లో చేరింది. చేతి దురద మాత్రం పోలేదు. శుభలేఖల వెనకా మందుచీటీల వెనకా ఏదో ఒకటి గీస్తూనే ఉండేదాన్ని.

ఇంతలో లోకానికి చేతిపని మీద మోజు పుట్టింది. చేత్తో దంచిన కారం, చేత్తో నేసిన చీర, చేత్తో చేసిన సబ్బు, చివరికి చేత్తో గీసిన సినిమా. పాత స్టూడియోలో నాతో పనిచేసిన రఘుపతి ఇప్పుడు తనే ఒక స్టూడియో పెట్టాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"సత్యా, చిన్న సినిమా ఒకటి తీస్తున్నాం. అందులో గేదె బురదలోంచి లేచే దృశ్యం ఉంది. అది నీకు తప్ప ఎవరికీ చేతకాదు."

ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో నీకు తప్ప ఎవరికీ చేతకాదని నాతో అన్నవాళ్ళు లేరు, ఒక్క గోంగూర విషయంలో తప్ప.

"ఇంట్లో కూర్చునే గీయొచ్చు," అన్నాడు రఘుపతి. "కాకపోతే మా సినిమాకి మండలి సాయం ఉంది. గుర్తింపు పొందిన ఇంట్లో గీసిన బొమ్మలే తీసుకోవాలి. వానలు పడేలోగా నీ గేదె లేవకపోతే ఆ దృశ్యం కంప్యూటరు కుర్రాళ్ళకి ఇచ్చేయాల్సిందే. తర్వాత నన్ను తిట్టుకోకు."

మండలి అంటే 'హస్తరేఖా చలనచిత్ర గృహ కార్యస్థలముల ప్రామాణీకరణ మండలి'. పేరు చదివేసరికి ఊపిరాడదు. పనిలోకి దిగితే అసలే ఆడదు.

మా ఇంట్లో వెనకవైపు ఒక చిన్న గది ఉంది. బియ్యం బస్తాలు, కాలు విరిగిన కుర్చీలు, మా ఆయన భాస్కరం ఎప్పటికైనా బాగుచేస్తానంటున్న మిక్సీ అందులో ఉండేవి. అన్నిటినీ బయటికి గెంటాను. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపులో మందపాటి గాజుపలక కోయించి, వడ్రంగి చేత ఏటవాలు బల్ల చేయించి, గాజు కింద ట్యూబులైటు పెట్టించాను. కింద నుంచి వెలుతురు వస్తే, కింది కాగితంలోని బొమ్మ పై కాగితంలో లీలగా కనిపిస్తుంది. దాన్ని చూసుకుంటూ రవ్వంత జరిపి కొత్త బొమ్మ గీయాలి. కాగితాలు కదలకుండా బల్ల అంచుకి చిన్న మేకుల పట్టీ, ఆ మేకుల్లో దిగేలా కాగితాలకు చిల్లులు. ఎదుటి గోడకు నిలువుటద్దం. అది సింగారానికి కాదు. గేదె మెడ తిప్పే తీరు గీయాలంటే ముందు మన మెడ తిప్పి చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం కిటికీ. దాని అవతల ఖాళీ స్థలంలో ఒక మురుగుగుంట, ఆ గుంటలో పాల సూరన్న గేదెలు. అవి ఎలా లేస్తాయో రోజుల తరబడి చూశాను. గేదె ముందు వెనక కాళ్ళ మీద లేస్తుంది. నడ్డి పైకి వస్తుంది, ముఖం ఇంకా బురదలోనే ఉంటుంది. ఆ స్థితిలో కాసేపు ఆగి, లేవడమా మానడమా అని ఆలోచిస్తుంది. ఆ ఆలోచన గీయగలిగితే గేదె వచ్చినట్టే.

మొదటిరోజు బల్ల లైటు వేసుకుని కూర్చున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఇంట్లో నేను కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా" అని ఎవరూ అనలేని చోటు మొదటిసారి దొరికింది. మా అత్తగారు మాత్రం గుమ్మంలో నిలబడి, నేను అద్దంలో చూసుకుంటూ బుగ్గలు పూరించడం గమనించి, "ఒరే భాస్కరం, మీ ఆవిడ గేదైపోతందిరా. ఓసారి ఎవరికన్నా చూపించరాదూ" అన్నారు.

దరఖాస్తు పెట్టాను. తనిఖీకి మండలి నుంచి పరాంకుశం గారు వచ్చారు. హోదా సహాయ ప్రమాణ పరిశీలనాధికారి. చేతిలో కొలతటేపు, చంకలో నిబంధనల పుస్తకం. హస్తరేఖ అన్న పేరు విని మా అత్తగారు వచ్చి ఆయన ముందు అరచెయ్యి చాపారు. ఆయన దాన్ని కాసేపు పరిశీలించి, "ఇది మా పరిధిలోనికి రాదు" అని మర్యాదగా వెనక్కి ఇచ్చేశారు.

పరాంకుశం గారు 'నేను' అనరు. ఏ పనీ తాను చేసినట్టు ఒప్పుకోరు. మంచినీళ్ళు ఇస్తే తాగి, "దాహము తీర్చుకొనడమైనది" అన్నారు. తర్వాత గదిలోకి వెళ్ళి బల్ల చుట్టూ తిరిగారు.

"వెలుతురు కింది నుంచి వచ్చుచున్నది. ఎడమ ప్రక్క నుంచి రావలెనని నిబంధన."

"కింద నుంచి వస్తేనే కింది బొమ్మ కనపడుతుందండి. అసలు పనే దాంతోటి."

"నిబంధనలు కుట్టుమిషను కేంద్రముల నుంచి స్వీకరించడమైనది. అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు." ఆయన అద్దం ముందు ఆగారు. "కార్యవేళలలో అలంకరణ నిషిద్ధం. దీనిని కప్పివేయవలెను. కిటికీ కూడా మూసివేయవలెను. గేదెలు కనపడుచున్నవి, ఏకాగ్రత చెదరును."

"గీయాల్సింది గేదెనేనండి."

"గేదెను గీయుటకు గేదెను చూడవలెనా? ఇంతకుముందు చేనేత విభాగంలో పదిహేనేళ్ళు పనిచేయడమైనది. మగ్గం ఎవరు చూశారు?"

అసలు చిక్కు తలుపు దగ్గర వచ్చింది. గదికీ వంటింటికీ మధ్య తలుపు ఉంది. ఆ పూట పొయ్యి మీద ముక్కల పులుసు మరుగుతోంది. పరాంకుశం గారు గాలి పీల్చి, "గృహ వాసన వచ్చుచున్నది" అన్నారు.

"గృహమే కదండీ."

"అదే పొరపాటు. గృహ కార్యస్థలం గృహములో ఉండవలెను. లేనియెడల పథకం వర్తించదు. కాని గృహముతో సంబంధం ఉండరాదు. ఉన్నచో అది కార్యస్థలం కాదు."

ఆ మాట ఎంత తేటగా అన్నారంటే మా ఆయన తల ఊపేశాడు. ఆయన బస్సు డిపోలో పనిచేస్తాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే, వాళ్ళకి యూనిఫారం లేకపోయినా తల ఊపుతాడు. ఆ వారంలోనే వంటింటి తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టించి, సందువైపు గోడ పగలగొట్టి కొత్త గుమ్మం పెట్టించాం. అప్పటినుంచి నేను పొద్దున్నే వంట ముగించి, చెప్పులు వేసుకుని, వీధి గుమ్మం దాటి, ఇంటిని చుట్టి, సందులోంచి వెనక గదికి పనికి వెళ్ళేదాన్ని. పక్కింటావిడ "ఎక్కడికండీ పొద్దున్నే?" అని అడిగితే "ఇంటికేనండి" అని చెప్పాల్సి వచ్చేది. అద్దం మీద దుప్పటి కప్పాను, కిటికీకి మేకులు కొట్టించాను. లోపల గాలి లేదు, గేదె లేదు. గుర్తింపు వస్తే చాలని ఊరుకున్నాను.

పరాంకుశం గారు మళ్ళీ వచ్చి అంతా చూసి తృప్తిపడ్డారు. "ఇక ఈ కార్యస్థలంలో గీసిన నమూనా ఒకటి జతపరచవలెను. అది లేనిదే గుర్తింపు రాదు."

ఎంతో ఉత్సాహంగా నా దగ్గరున్న కట్ట ఇచ్చాను. గేదె తోకతో ఈగలు తోలుకునే బొమ్మలు. కాగితాలు గబగబా తిప్పితే తోక ఆడుతుంది. ఆయన తిప్పలేదు. పై బొమ్మ చూసి పక్కన పెట్టారు.

"ఇది ఎచ్చట గీసితిరి?"

"ఇక్కడేనండి. నిన్న."

"నిన్నటికి ఈ కార్యస్థలానికి గుర్తింపు ఉన్నదా?"

"లేదండి."

"గుర్తింపు లేని స్థలంలో పని చేసినట్టు దరఖాస్తుదారే ఒప్పుకొన్నట్టు గమనించడమైనది."

నాకు ఒళ్ళు మండింది. "ఏవండీ, నమూనా లేందే గుర్తింపు రాదన్నారు కదా."

"రాదు."

"గుర్తింపు లేందే నమూనా గీయకూడదంటున్నారు."

"కూడదు."

"మరి?"

"'మరి' అన్నది పై కార్యాలయం చూసుకొనును."

పై కార్యాలయం చూసుకుంది. ఎండలు ముదిరి, మామిడికాయలు బజార్లోకి వచ్చి, మా ఆవకాయ జాడీలు నిండిన తర్వాత జవాబు వచ్చింది. నిషేధం దరఖాస్తుదారులకే గాని మండలి అధికారులకు వర్తించదు కాబట్టి, నమూనాను తనిఖీకి వచ్చిన అధికారే గీయాలట.

పరాంకుశం గారు ఆ ఉత్తర్వు పట్టుకుని నా కుర్చీలో కూర్చున్నారు. పెన్సిలు పట్టుకున్న తీరు చూస్తే సంతకాలు తప్ప ఇంకేమీ గీసినట్టు లేదు. చాలాసేపు చెమటలు కక్కి రెండు బొమ్మలు వేశారు. ఒకదాంట్లో గేదె పడుకుని ఉంది. రెండోదాంట్లో నిలబడి ఉంది. పడుకున్నది గుమ్మడికాయలా ఉంది. నిలబడ్డది కాళ్ళున్న గుమ్మడికాయ.

"మధ్యలో లేచే బొమ్మలేవండీ?" అన్నాను.

"మొదట పడుకొనియున్నది. తుదకు నిలబడినది. మధ్యలో జరిగినది ఎవరికి కావలెను? మా దగ్గర కూడా దరఖాస్తు తేదీ ఉండును, ఉత్తర్వు తేదీ ఉండును. మధ్యలో ఏమి జరిగినదని ఎవరైనా అడుగుదురా?"

అయినా ఉండబట్టలేక, ఒకటో రెండో మధ్య బొమ్మలు వేయక తప్పదని, వేస్తే వెనక కాళ్ళు ముందు లేవాలని చెప్పాను. ఆయన వేశారు గాని ముందు కాళ్ళే లేపారు.

"అలా లేచేది గుర్రమండి."

"ప్రదర్శనకు పెద్దలు విచ్చేయు అవకాశం కలదు. వారి ఎదుట వెనకభాగం ముందుగా పైకి లేచుట సభామర్యాద కాదు."

గుర్రంలా లేచిన ఆ గుమ్మడికాయకు గుర్తింపు వచ్చింది. పత్రం అందంగా అచ్చువేసి పంపారు. మా ఇంటి నంబరు, మా వీధి, మా గది కొలతలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద మాత్రం 'సదరు కార్యస్థలమున పనిచేయుటకు అర్హులు: నమూనా గీసినవారు, శ్రీ పరాంకుశం' అని ఉంది.

మర్నాటి నుంచి ఆయన మా ఇంటికి డ్యూటీకి రావడం మొదలుపెట్టారు. అర్హత పొందినవారు కార్యస్థలాన్ని వాడకపోతే గుర్తింపు రద్దవుతుందట. వచ్చిన రోజే కిటికీ మేకులు పీకించారు, ఉక్కపోస్తోందని. అద్దం మీది దుప్పటి తీయించారు, అధికారులకు వర్తించదని. సందు చుట్టి రావడం దూరమని వంటింటి తలుపు చెక్కలు కూడా ఊడదీయించారు. నేను ఇన్నాళ్ళూ కలగన్న గది సరిగ్గా నేననుకున్నట్టే తయారైంది. అందులో నేను లేను.

"ఆయన్ని లేవమని చెప్పండి," అన్నాను మా ఆయనతో.

"గవర్నమెంటాయన కదే. మనింట్లో కూర్చున్నాయన్ని లేవమంటే ఏం బాగుంటాది?"

మా అత్తగారు అప్పటికే పెసరట్టు పట్టుకెళ్తున్నారు. "పాపం, బుద్ధిగా కూచుని గీసుకుంటన్నాడు. నీలాగా అద్దంలో ఎక్కిరించుకోవట్లేదు" అన్నారు.

ఆ రాత్రి రఘుపతి ఫోన్ చేసి గేదె ఎంతదాకా వచ్చిందని అడిగాడు. కూర్చునే చోటు పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వస్తోందన్నాను.

మర్నాడు నా కాగితాల కట్ట సంచీలో వేసుకుని మండలి కార్యాలయానికి వెళ్ళాను, ఫిర్యాదు చేద్దామని. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మనుషులు ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని ఉన్నారు. పరాంకుశం గారి సీటు ఎక్కడని అటెండరు నూకరాజుని అడిగాను.

"అదేనమ్మా, కాళీగా ఉన్నది. కూకోండి."

"ఆయన సీట్లో నేనెలా కూర్చుంటానయ్యా?"

"తమరు కూకుంటేనే మాకు మేలమ్మా. సీటు కాళీగా అగుపడితే పైనోళ్ళు పీకేత్తారు."

కూర్చున్నాను. ఫిర్యాదు ఎవరికివ్వాలో కనుక్కునే లోపు భోజనాల వేళ అయింది, తర్వాత టీల వేళ అయింది. ఆఫీసుల్లో బల్లల మీద మందపాటి గాజుపలక ఉంటుంది కదా, కింద దేవుళ్ళ పటాలు, పాత క్యాలెండరు పెట్టుకోవడానికి. ఆ గాజు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే నాకు మెల్లగా ఒక సంగతి తోచింది. దేవుళ్ళకు దణ్ణం పెట్టి పటాలు తీసి భద్రంగా సొరుగులో పెట్టాను. రెండు నిబంధనల పుస్తకాల మీద గాజుని ఎత్తుగా నిలబెట్టి, కింద టేబులులైటు పడుకోబెట్టాను. నిబంధనలు నాకు పనికివచ్చింది అదొక్కసారే. సొరుగులోని గుండుసూదులతో కాగితాలు బిగించాను. కిటికీలోంచి చూస్తే ఆఫీసు వెనక కాలవలో గేదెలు.

గుర్తింపు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు గేదె లేవాలని ఆ రోజు నుంచి రోజూ వెళ్ళాను. ఎవరూ ఏమీ అడగలేదు. సీట్లో మనిషి ఉన్నాక, ఆ మనిషి ఏం చేస్తోందని అడగడం ఆ ఆఫీసు ఆచారంలో లేదు. సూపర్నెంటు జగదాంబ గారు మూడో రోజో నాలుగో రోజో వచ్చి నా వెనక నిలబడ్డారు. ఇప్పుడు లేవమంటారని పెన్సిళ్ళు సర్దుకోబోయాను.

"వెనక కాళ్ళేనండి ముందు," అన్నారు ఆవిడ. "మా పుట్టింట్లో పాడిగేదె ఉండేది. అది లేచేముందు ఓసారి ముక్కుతో గట్టిగా ఊదుద్ది. అది పెట్టారా?"

పెట్టలేదు. పెట్టాను. అక్కడ అద్దం లేదు గాని అంతకంటే మంచివి దొరికాయి. నూకరాజు నేల మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి, నడ్డి పైకెత్తి, తల కిందకి వేలాడేసి ఎంతసేపైనా ఉండేవాడు. టైపిస్టు ఒకాయన, "అలాక్కాదు, బరువు కుడిపక్కకి రావాలి" అని తనూ వంగేవాడు. ఒక మధ్యాహ్నం నేను తలెత్తి చూసేసరికి హాల్లో ముగ్గురు ఉద్యోగులు నాలుగు కాళ్ళ మీద ఉన్నారు. ఆ ఆఫీసులో అంత పని ఎప్పుడూ జరగలేదని జగదాంబ గారే అన్నారు.

నా గేదె కదిలింది. ముక్కుతో ఊదింది. వెనక కాళ్ళు తన్నిపట్టి నడ్డి పైకి లేపింది. ముఖం బురదలోనే ఉంచి ఆలోచించసాగింది. ఇక ముందు కాళ్ళు ఒక్కటే మిగిలాయి. ఆకాశం మబ్బుపట్టడం మొదలైనా నాకు భయం వేయలేదు.

సరిగ్గా అప్పుడు పై కార్యాలయం నుంచి మండలి కార్యదర్శి గారు చెప్పాపెట్టకుండా దిగారు. హాలంతా లేచి నిలబడింది. నేను ఒక గీత మధ్యలో ఉన్నాను, చూసుకోలేదు. ఆయన తిన్నగా నా దగ్గరికి వచ్చారు.

"ఈ సీటు ఎవరిది?"

"పరిశీలనాధికారి గారిదండి," అన్నారు జగదాంబ గారు.

"కూర్చున్నది ఎవరు?"

జగదాంబ గారు తడుముకోకుండా, "సీట్లో ఉన్నవారేనండి" అన్నారు.

కార్యదర్శి గారు నా చేతినీ, కాగితాలనీ, అరిగిన పెన్సిళ్ళనీ చూశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనపడింది. "ఈ సీటు నందు పని జరుగుచున్నది," అన్నారు గంభీరంగా. "ఇట్టి అధికారుల కొరత విజయనగరం కార్యాలయంలో తీవ్రముగా ఉన్నది." అక్కడికక్కడే బదిలీ ఉత్తర్వు చెప్పి రాయించారు.

"నేను ఉద్యోగిని కాదండి," అన్నాను లేచి నిలబడి. "బొమ్మలు గీసుకునేదాన్ని. నాకు మా ఇంట్లో కార్యస్థలం ఉందండి."

"గుర్తింపు పత్రం ఉన్నదా?"

"ఉందండి. పరాంకుశం గారి పేరున ఉంది."

"అయితే చిత్రకారుడు ఆయన. ఆయన చిత్రకారుడైనచో, ఈ సీటు నందు ఉన్న అధికారి మీరే కావలెను. మండలికి ఇద్దరు చిత్రకారులూ అక్కరలేదు, సున్నా అధికారులూ పనికిరారు. ఈ పూటే విధుల నుంచి విడుదల చేయడమైనది."

ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసుకుంటానన్న మనిషిని విజయనగరం పొమ్మన్నారు. ఆ ఉత్తర్వునీ నా కాగితాలనీ సంచీలో సర్దుకుని బయటికి వచ్చాను. మబ్బులు కమ్ముకున్నాయి, గాలిలో వాన వాసన వస్తోంది. ఇంటి దగ్గర నా కుర్చీలో ఆయన, ఇక్కడ కుర్చీ లేదు, సంచీలో గేదె నడ్డి పైకెత్తుకుని ముఖం బురదలో పెట్టుకుని ఉంది. గేటు పక్కన నిలబడి ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

వెనక నుంచి జగదాంబ గారు చంకలో గొడుగుతో వచ్చారు.

"ఏడవకండి. కొత్త చోట చేరేదాకా తవరికి పాత హోదాయే. ఈ ఊరు ఇంకా తవరి పరిధేనండి." అంటూ నా చేతిలో ఒక కొలతటేపు పెట్టారు.

ఆవిడ ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది. కళ్ళు తుడుచుకుని ఆటో ఎక్కాను.

మా ఇంటి బెల్లు నేనే కొట్టాను. మా అత్తగారు తలుపు తీసి, "తాళంచెవి మర్చిపోయావా?" అన్నారు. నేను చెప్పులు విప్పి, వంటింట్లోంచి వెనక గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. పరాంకుశం గారు అద్దంలో చూసుకుంటూ మీసం సవరించుకుంటున్నారు. బల్ల మీద అవే రెండు గుమ్మడికాయలు.

"తనిఖీకి రావడమైనది," అన్నాను.

ఆ మాట ఆయన చెవిన పడిందో లేదో, ఇన్నేళ్ళ సర్వీసు ఆయన్ని కుర్చీలోంచి లేపి నిలబెట్టింది. పైగుండీ పెట్టుకుని చేతులు కట్టుకున్నారు. అప్పుడు చూశారు వచ్చింది నేనని. నేను బదిలీ ఉత్తర్వు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ముద్ర చూసి, మళ్ళీ చేతులు కట్టుకున్నారు.

నేను టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను. "కార్యవేళలలో అలంకరణ జరుగుచున్నట్టు గమనించడమైనది. గృహ వాసన వచ్చుచున్నది. పెసరట్టు. కార్యస్థలమునకు గృహముతో సంబంధమున్నట్టు రూఢి అయినది. సదరు గుర్తింపు రద్దు చేయడమైనది." రాసి సంతకం పెట్టాను. హోదా కింద ఆయన హోదాయే వేశాను.

మా ఆయన డిపో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా మాటలకి తల ఊపుతున్నాడు.

నేను నా కుర్చీలో కూర్చుని, సంచీలోంచి కట్ట తీసి, కాగితాలు మేకులకు తగిలించి, గాజు కింద లైటు వేశాను. పరాంకుశం గారికి అప్పటికి కాస్త తేరుకున్నట్టయింది.

"మనవి," అన్నారు మెల్లగా. "గుర్తింపు లేని స్థలంలో గీయుట నిషిద్ధం."

"దరఖాస్తుదారులకు నిషిద్ధం. గుర్తింపు మళ్ళీ ఇవ్వాలంటే నమూనా కావాలి కదండీ. అది ఎవరు గీయాలి?"

"తనిఖీకి వచ్చిన అధికారి," అన్నారు ఆయన. ఆ తర్వాతి మాట ఆయనకే తట్టినట్టుంది. నమూనా ఎవరు గీస్తే గుర్తింపు వారిదే.

బయట మొదటి చినుకులు రేకుల మీద టపటపలాడాయి. కిటికీ అవతల గేదెలు చెవులు ఆడించాయి. మా అత్తగారు గుమ్మంలోంచి తొంగి చూసి, ఈసారి కాఫీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టారు. పరాంకుశం గారు చేతులు కట్టుకునే ఉన్నారు.

"తనిఖీ ఎంతసేపు సాగునండీ?" అని అడిగారు.

"గేదె లేచేదాకా," అని చెప్పి, దాని ముందుకాళ్ళు గీయడం మొదలుపెట్టాను.